టన్ను మోతకు ఎన్ని గ్రాముల చదువు?

మా ఇంట్లో సొంత లాప్‌టాప్ ఉన్నది ఒక్కరికే. ఆమె వయసు పదహారు నెలలు. ఇప్పటికి ఆరు పళ్లు వచ్చాయి. ఆ ఆరింటినీ లాప్‌టాప్ మూల మీదే సానబెట్టుకుంటోంది.

మావాడు ఓ శనివారం రాత్రి బెంగళూరు రైలు దిగి, దాన్ని చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. నారింజ రంగు ప్లాస్టిక్కు. మూత తీస్తే అగ్గిపెట్టెంత తెర, పుచ్చగింజలంత మీటలు, పక్కన తోకతో సహా ఒక ఎలుక. ఏ మీట నొక్కినా ఒకావిడ అమెరికా యాసలో పాట ఎత్తుకుంటుంది. ఏదీ నొక్కకుండా వదిలేస్తే ఊరుకుంటుందా అంటే అదీ లేదు. రెండు నిమిషాలు ఆగి, రమ్మని, ఆడుకుందామని తనే పిలుస్తుంది. మొదటి రాత్రి పదకొండు దాటాక చీకట్లోంచి ఆ పిలుపు వినిపించి మా ఆవిడ చీపురు పట్టుకుని లేచింది. మర్నాడు పొద్దున పక్కింటి పెద్దాయన గోడమీంచి తొంగిచూసి, "ఎవురో దొరసాని దిగినట్టుందే మీ ఇంట్లో" అన్నాడు. ఆయన మా కోలారు బంగారు గనుల్లో ఒకటైన ఛాంపియన్ రీఫ్‌లో ముప్పై ఏళ్లు డ్రిల్లు పట్టిన మనిషి. ఆ హోరుకు రెండు చెవులూ పోయాయి. అలాంటి చెవులకు కూడా గోడ దాటి వినపడే గొంతును పదహారు నెలల చెవులకు జానెడు దూరంలో పెట్టి, దానికి విద్య అని పేరు పెట్టాం.

అది వచ్చిన అట్టపెట్టెను మాత్రం నేను పారేయనివ్వలేదు. ఇంత గుండెధైర్యంతో రాసిన వచనం ఈ మధ్య నా కంటబడలేదు మరి. అరవై రకాల పనులట. భాష, లెక్కలు, సంగీతం, తర్కం, జ్ఞాపకశక్తి, వేళ్ల నేర్పు, అన్నిటికన్నా చివర ఆత్మవిశ్వాసం. ఇన్నీ మూడు పెన్సిల్ సెల్లతో! అరవై దాటి ఏడేళ్లయినా నేను వీటిలో మూడింటికి మించి సంపాదించలేదు, ఆ మూడింట్లో జ్ఞాపకశక్తి ఇప్పుడిప్పుడే సెలవు తీసుకుంటోంది. పెట్టె మీద ఒక బిడ్డ ఫోటో. తెల్లటి బనీను మీద అన్నం మరక కూడా లేకుండా కూర్చుని, మీటలను చూసి కంపెనీ ఛైర్మన్‌లా నవ్వుతోంది. మా మనవరాలు అలా నవ్వింది పెట్టెను చూసి. అందులో కూర్చుంది, దాన్ని నెత్తిన బోర్లించుకుంది, తీసి నా నెత్తిన బోర్లించింది, లోపలినుంచి నేను 'బూ' అంటే మళ్లీ అనమంది. లోపలి సరుకు ధరలో పెట్టెకు చెందే వాటా నాలుగు రూపాయలో ఐదు రూపాయలో ఉంటుంది గనక దాన్ని విద్యా పరికరమని ఎవరూ అనలేదు.

పెట్టె మాటలు ఈ గడ్డకు కొత్తవి కావు. 1880 ప్రాంతంలో వయనాడు కొండల్లో బంగారం ఉందని లండన్‌లో కంపెనీల మీద కంపెనీలు పుట్టాయి. వాటాలు అమ్ముకున్న వాళ్ల లెక్కన గడ్డపార వేస్తే చాలు, బంగారం తనే లేచొచ్చి నమస్కారం పెట్టాలి. కొద్ది ఏళ్లకే దాదాపు అన్నీ మట్టిగొట్టుకుపోయాయి. మన కోలారు పరిస్థితీ మొదట్లో అంతే. మైసూరు గని కంపెనీ పెట్టుబడంతా తవ్విపోసి, ఇక దుకాణం కట్టేద్దామనుకున్నాక 1883 ప్రాంతంలో ఛాంపియన్ రీఫ్ తగిలింది. తగలడానికి కారణం ఎవరి ప్రకటనో కాదు. పూర్వీకులు తవ్వి వదిలేసిన పాత గుంతల అడుగున ఏముందో దిగి చూసినవాడు ఒకడున్నాడు, అంతే.

అప్పటినుంచి ఈ ఊరికి ఒక పద్ధతి అబ్బింది. రాయి అందంగా ఉందా, తళుకులున్నాయా అని ఎవరూ అడగరు. ముక్క తీసి అస్సే ఆఫీసుకు పంపుతారు. అక్కడ దాన్ని పిండి కొట్టి, సీసపు మందు కలిపి కొలిమిలో కరిగిస్తే రాయిలోని బంగారమంతా సీసంలోకి దిగుతుంది. ఆ సీసపు గుండును మూసలో మళ్లీ కాలిస్తే సీసం ఇంకిపోయి, అడుగున ఆవగింజలో సగమైనా లేని పూస ఒకటి మిగులుతుంది. దాన్ని తూచి చెబుతారు, టన్నుకు ఇన్ని గ్రాములని. మొదటి రోజుల్లో 40 గ్రాములు దాటిన మా రాయి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేనాటికి మూడు నాలుగు గ్రాములకు దిగింది. 120 ఏళ్లలో తీసిన బంగారం సుమారు 800 టన్నులు. తీయగా మిగిలిన పిండి మూడు కోట్ల టన్నుల పైచిలుకు. అదే ఇవాళ ఊరి మధ్య కొండల్లా లేచి ఉన్న సైనైడ్ దిబ్బలు. గాలి ఎత్తుకుంటే ఆ పిండి మా అన్నంలో పడుతుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత మా ఊరిని చూసే పుట్టిందని నా అనుమానం.

ఇలాంటి ఊళ్లో కాపురమున్న మనిషి, ఎవరో వచ్చి అరవై రకాల చదువులు అంటే, ఊరకే తలూపడు. టన్నుకెంత అని అడుగుతాడు.

నేనూ అస్సే చేశాను. గోడగడియారం చూసుకుని పది నిమిషాలు. మా ఆవిడ ఒళ్లో చింతగింజల డబ్బా, పిల్లకు అందని ఎత్తులో. పిల్ల మాటలాంటిది ఏదన్నా అంటే ఒక గింజ ఎడమ గిన్నెలో. నేను పిల్లతో మాట్లాడితే కుడి గిన్నెలో. దొరసాని మాట్లాడితే చేటలో. మొదటి నాలుగు నిమిషాలకే చేటలో గింజలు గుట్టపడ్డాయి. ఏడో నిమిషానికి మా ఆవిడ, "ఇదేందండీ, దీనికి ఊపిరి తీసుకునే పని లేదా? ఇంక గింజలు లేవు నాకాడ" అంది. ఎడమ గిన్నెలో రెండే రెండు, అందులో ఒకటి మాటో తుమ్మో తేలలేదు. కుడి గిన్నెలో ఏడు. ఏడుసార్లూ నేను అన్నది ఒకటే: "అది కాదమ్మా, ఇది నొక్కు." ఆ పూట నేను మనవరాలికి నేర్పిన భాష, లెక్కలు, తర్కం మొత్తం అదే.

రెండో నమూనాకు ఒక స్టీలు గ్లాసు, దాని మీదికి ఒక మూత, ఒక ఉల్లిపాయ. పిల్ల ఉల్లిపాయను గ్లాసులో వేసింది. మూత పెట్టింది. "యాడ పోయిందే ఉల్లిగడ్డ?" అంది మా ఆవిడ. పిల్ల చుట్టూ చూసింది, నా కండువా కింద వెతికింది, నా మీసం వైపు అనుమానంగా చూసింది. మూత తీసి అరిచింది. మళ్లీ పెట్టింది. ఈసారి మూత తిరగేసి పెడితే కూర్చోలేదు. తిప్పింది, నొక్కింది, కోపమొచ్చి నేలకు కొట్టింది. మూత గిరగిరా తిరిగి టంగుమని పడితే అది ఇంకో ఆట అయింది. పడ్డ మూతను చూపించి 'ఇంకా' అంది. 'కా' ఒక్కటే స్పష్టంగా ఉంది, కానీ మా వీధిలో ఆ మాత్రం అక్షరంతో అర్థం కానివాళ్లు లేరు. ఎడమ గిన్నె నిండింది, కుడి గిన్నె పొర్లింది. చేటలో ఒక్క గింజ లేదు. గ్లాసుకు మాటలు రావు మరి.

నా చింతగింజల శాస్త్రాన్ని ఎవరూ అచ్చు వేయరని తెలుసు. అయితే ఇదే పని అమెరికాలో నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన అనా సోసా గింజలు లేకుండా చేశారు. 10 నుంచి 16 నెలల పిల్లలున్న 26 ఇళ్లు తీసుకున్నారు. మాటలు రికార్డు చేసే యంత్రం ఇంట్లో పెట్టారు. బేబీ లాప్‌టాప్, మాట్లాడే పొలం, ఫోను బొమ్మ ఒక జట్టు. చెక్క పజిల్, ఆకారాల డబ్బా, రబ్బరు దిమ్మలు ఒక జట్టు. అట్ట పుస్తకాలు ఒక జట్టు. పుస్తకం చేతిలో ఉంటే అమ్మానాన్నలు నిమిషానికి 67 మాటల దాకా అన్నారు. చెక్క బొమ్మలతో 56. కరెంటు బొమ్మ దగ్గర 40. పిల్లలు చేసిన శబ్దాలూ, ఒకరికొకరు ఇచ్చుకున్న జవాబులూ అక్కడే తగ్గాయి. 2015 డిసెంబరులో ఈ ఫలితాలు వెలువడ్డాయి. 26 ఇళ్లంటే చిన్న నమూనాయే. ఒక్క షాఫ్టులో తీసిన రాయి చూసి గని మొత్తానికి ధర కట్టకూడదని ఈ ఊరివాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కాకపోతే అక్కడి రాయికీ మా ఇంటి రాయికీ నాకు తేడా కనపడలేదు. మాటలు నేర్పడానికని డబ్బు పోసి తెచ్చిన వస్తువు, ఊరికే మాటలు నేర్పుతున్న వాళ్ల నోళ్లు మూయించింది.

భాషల సంగతి ఇంకా రసవత్తరం. ఆ లాప్‌టాప్‌కు వెనక ఒక మీట ఉంది. ఇటు జరిపితే ఇంగ్లీషు, అటు జరిపితే స్పానిష్. రెండు భాషలు నేర్పుతుందని పెట్టె మీద పెద్ద చుక్కలో వేశారు. కోలార్ గోల్డ్‌ఫీల్డ్స్‌లో స్పానిష్ మాట్లాడే పొరుగువాళ్లు మాకు ఇంకా తగల్లేదు. తగిలితే కాఫీకి పిలుస్తాం. ఈలోగా మా వీధిలో పొద్దున పాలు పోసే ఆమె ముళబాగిలు తెలుగు మాట్లాడుతుంది. గోడ అవతల పెద్దాయనది తమిళం. కూరగాయల బండి ఉర్దూలో వస్తుంది. బస్సు బోర్డూ కరెంటు బిల్లూ కన్నడం. మూల ఇంటి ఆంగ్లో-ఇండియన్ ముసలావిడ తన కుక్కను ఇంగ్లీషులో తిడుతుంది, ఆ కుక్క తమిళంలోనే వింటుంది. సాయంత్రం పిల్లను చంకనేసుకుని ఆ చివరిదాకా వెళ్లొస్తే ఐదు భాషలు. సెల్లు అక్కర్లేదు. ఒక్కో భాషతోపాటు ఒక బిస్కట్టు కూడా వస్తుంది.

దొరసాని పాఠ్యప్రణాళిక వేరు. ఐ అంటే ఇగ్లూ. వై అంటే యాక్. శ్రీనివాసపురం మామిడి తోటలున్న జిల్లాలో పెరిగే పిల్లకు ఏ అంటే ఏదో చెప్పక్కర్లేదు, అదెలాగూ ఆపిలే. కోలారు టమాట మండీకి లారీలు బారులు తీరే కాలంలో టి అంటే టర్టిల్ అట. అన్నిటికన్నా ఆవు. బంగారం, పట్టు, పాలు అని మా జిల్లాకు పేరు. బంగారం పోయింది, మిగతా రెండూ ఉన్నాయి. ఆవు మీట నొక్కితే 'మూ' అంటుంది. ఈ జిల్లాలో ఆవు 'మూ' అంటే దాని యజమాని పశువుల డాక్టరుకు ఫోను చేస్తాడు. మా వీధి చివర ఆవు నిక్షేపంగా 'అంబా' అంటుంది, తోకతో ఈగలను తోలుతుంది, పేడ వేస్తుంది, పిల్ల వేలు నాకుతుంది. నాలుక గరుకుగా ఉంటుందన్న సంగతి మా మనవరాలికి తెలిసింది అక్కడే. గరుకు మీట ఆ అరవైలో లేదు.

మా బామ్మర్దితో ఈ మాటంటే నన్ను జాలిగా చూశాడు. "కాలం మారిపోయింది బావా. ఇప్పుడు రెండేళ్లకే మొదలుపెట్టకపోతే స్కూలు ఇంటర్వ్యూలో నిలబడరు" అన్నాడు. ఆయన మనవడికి రెండున్నరేళ్లు. తొమ్మిది గ్రహాలు చెబుతాడు. ప్లూటోను 2006లోనే పక్కన పెట్టారు గానీ వాడికి నేర్పిన బొమ్మకు ఆ వార్త చేరినట్టు లేదు. "జూపిటర్ యాడుంది నాయనా?" అని నేనడిగితే వాడు ఆకాశం వైపు చూడలేదు, సోఫా కింద చూశాడు. బొమ్మ అక్కడుంది. తప్పు వాడిది కాదు, తొందరపెట్టి పండించేవాళ్లది. శ్రీనివాసపురంలో ఏ రైతునడిగినా చెబుతాడు, కార్బైడ్ పెడితే కాయ రెండు రోజుల్లో పసుపెక్కుతుంది, కోస్తే టెంక దగ్గర పులుపు అలాగే ఉంటుంది. మామిడికి కార్బైడ్ పెట్టడం చట్టం నిషేధించింది.

ఈ తొందర పెద్దపెద్దవాళ్లనూ బోల్తా కొట్టించింది లెండి. ఐన్‌స్టయిన్ పేరు పెట్టి పాలు తాగే పిల్లలకు వీడియోలు అమ్మిన కథ గుర్తుండే ఉంటుంది. ఉయ్యాల్లో పడుకుని చూస్తే చాలు, మేధావులవుతారని లక్షల ఇళ్లు నమ్మాయి. 2009లో, అప్పటికి దాన్ని నడుపుతున్న డిస్నీ కంపెనీ, డిస్కులు తిరిగిచ్చేసి డబ్బు తీసుకోండి అని ప్రకటించింది. పసివాళ్లకు రెండేళ్లు నిండేదాకా తెరే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పెట్టెలు రాసేవాళ్లు ఆ మాట విని, తెరను అగ్గిపెట్టెంత చేశారు.

ఇప్పుడు ఇంకో వేషం వచ్చింది. మెరిసే దీపాల బొమ్మ మీద 'మాంటిస్సోరి' అని చీటీ. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉన్నారు. ఆవిడ పిల్లల ముందు పెట్టినవి కొయ్య దిమ్మెలు, పూసలు, గరుకు కాగితపు అక్షరాలు. ఒక్కటీ పాడదు, ఒక్కటీ 'శభాష్' అనదు. దిమ్మె సరిగా కూర్చుందో లేదో పిల్లకు దిమ్మే చెబుతుంది. మా గ్లాసు మూత చేసిన పనే అది. మాట్లాడే ప్లాస్టిక్కుకు ఆవిడ పేరు అంటించడం, సారా కొట్టుకు గాంధీ పేరు పెట్టడం లాంటిది.

"అన్నీ తనిఖీ చేసే అమ్ముతారు కదా" అని మావాడు ఒక మాటన్నాడు. నిజమే, పెట్టె అడుగున ఐఎస్‌ఐ గుర్తు ఉంది. 2021 జనవరి 1 నుంచి ఆ గుర్తు లేని బొమ్మ ఈ దేశంలో అమ్మకూడదు. కరెంటు బొమ్మలకు ఐఎస్ 15644 అని ప్రత్యేక ప్రమాణం. గుర్తు వేసేది బీఐఎస్. అదే ఏడాది జూన్ నుంచి నగలకు హాల్‌మార్కు తప్పనిసరి చేసిందీ ఆ బీఐఎస్సే. రెండు గుర్తులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఉంగరం మీద 916 అని ఉంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారమే అని ఒకడు పరీక్షించి పూచీ పడ్డాడన్నమాట. బొమ్మ మీది గుర్తు చెప్పేది వేరు: షాకు కొట్టదు, అంచు కోయదు, ముక్క ఊడి గొంతుకు అడ్డం పడదు, రంగులో విషం లేదు. చాలా ముఖ్యమైన పని, దాన్ని నేను తక్కువ చేయను. నాణెమంత గుండ్రటి బ్యాటరీ మింగితే రెండు గంటల్లో అన్నవాహిక కాలిపోతుంది. అందుకే బ్యాటరీ అర మూతకు మర ఉందో లేదో కొట్లోనే చూడండి, లేకపోతే అక్కడే వదిలేయండి. కానీ చదువు ఎంత శాతమో ఆ గుర్తు చెప్పదు. 'ఎడ్యుకేషనల్' అన్న మాటకు ఈ దేశంలో ఒరగల్లు లేదు. ఇత్తడి మీద బంగారమని రాస్తే పోలీసులొస్తారు. ఇగ్లూ మీద మేధస్సు అని రాస్తే పండగ డిస్కౌంటు వస్తుంది.

పక్కింటి పెద్దాయన ఒకసారి చెప్పాడు: కింద ఉన్నప్పుడు డ్రిల్లు ఆపినాక కాసేపు ఎవురూ మాట్లాడకూడదు, రాయి మాట వినాల. లోతు గనుల్లో రాయి ఒత్తిడికి చిటపటమంటుంది. విన్నవాడు బయటికొస్తాడు. ఆ ఒత్తిడికి రాయి పేలితే, దాన్నే మా ఊళ్లో ఎయిర్‌బ్లాస్టు అంటారు, పైన ఇళ్లే ఊగేవి. చెవులు పోయేదాకా మోతలో బతికిన మనిషికి నిశ్శబ్దం విలువ తెలుసు. అదే గనిలో, 2.3 కిలోమీటర్ల లోతున, 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు ఒసాకా, డరం విశ్వవిద్యాలయాల వాళ్లతో కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. అంత కిందికి ఎందుకు దిగారు? పైన అంతరిక్షం నుంచి పడే కణాల వాన హోరు. ఆ హోరులో న్యూట్రినో సడి వినపడదు. రెండు కిలోమీటర్ల రాతిని గొడుగులా పట్టుకుని, నెలల తరబడి కాచుకుంటే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని దక్కాయి. బొమ్మ పెట్టె మీద రాకెట్టు బొమ్మేసి సైన్సు అని రాస్తారే, మా ఊళ్లో జరిగిన సైన్సు ఇదీ: చిన్న సంగతి వినాలంటే ముందు పెద్ద మోత ఆపాలి. పదహారు నెలల పిల్ల నోట్లో పుట్టే 'కా' న్యూట్రినో కన్నా పెద్దదేం కాదు.

నన్ను కరెంటు విరోధి అనుకోకండి. 1902లోనే శివసముద్రం జలపాతం నుంచి కరెంటు తెచ్చుకున్న ఊరు మాది. బెంగళూరు వీధిదీపాలకు ఇంకో మూడేళ్లు పట్టింది, ఆ గర్వం మాకింకా తగ్గలేదు. 1978లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు తెచ్చిన స్పీక్ అండ్ స్పెల్ అనే బొమ్మ ఒక మాట పలికి, పిల్ల స్పెల్లింగు నొక్కేదాకా ఆగేది. ఏడేళ్ల పిల్లకు అది మంచి తోడు. ఆగడం తెలిసిన యంత్రం వేరు. మాట రాని పిల్లలకు బొమ్మ మీద వేలు పెడితే బదులు పలికే పలకలు ఉన్నాయి. అవి ఆట వస్తువులు కావు, వాళ్ల నోరు. వాటికి దండం పెట్టొచ్చు. నా తగాదా ఏడేళ్ల దానికి పనికొచ్చేదాన్ని ఒళ్లో పిల్ల ఒళ్లో పెట్టడంతో, పిల్ల వంతు రాకుండా తనే ఆడి తనే గెలిచి తనే చప్పట్లు కొట్టుకునే వస్తువుతో. మా దొరసాని తప్పు మీట నొక్కినా 'శభాష్' అంటుంది. కింద పడేసినా అంది. మా ఆవిడ పొరపాటున కాలితో తన్నినా అంది.

మరి అలాంటిదాన్ని తెలివైనవాడు మావాడు ఎందుకు కొన్నాడు? ఇన్నాళ్లూ నేను వెక్కిరిస్తూ దాటేసిన ప్రశ్న ఇది.

గనులు మూశాక మా కుర్రాళ్లకు దొరికిన షాఫ్టు బెంగళూరు రైలు. మారికుప్పంలో బయల్దేరి, ఛాంపియన్, ఉరిగాం, కోరమాండల్ స్టేషన్లలో జనాన్ని ఎక్కించుకుని బంగారపేట మీదుగా పోతుంది. తాతలు దీపం కట్టుకుని గని కేజ్‌లో కిందికి దిగినట్టే వీళ్లు తెల్లారకముందే సెల్‌ఫోను వెలుగులో పెట్టెల్లోకి ఎక్కుతారు. మావాడూ కోడలూ ఇద్దరూ పోతారు. పొయ్యేటప్పుడు పిల్ల నిద్రలో ఉంటుంది, తిరిగొచ్చేసరికి మళ్లీ నిద్రలో ఉంటుంది. వారంలో ఆరు రోజులు వాళ్లు చూసేది పిల్ల వీపును. అలాంటి తండ్రి బెంగళూరు మెజస్టిక్ దగ్గర ఏ కొట్లోనో నిలబడి, మీరు దగ్గర లేకపోయినా మీ బిడ్డ నేర్చుకుంటూనే ఉంటుందన్న పెట్టెను చూస్తే జేబులో చెయ్యి పెట్టకుండా ఎలా ఉంటాడు? పెట్టె మీద అరవై ఒకటో పని అది, అచ్చు వేయలేదంతే. నారింజ లాప్‌టాప్ తగిన వయసు పదహారు నెలలు కాదు, ముప్పై రెండేళ్లు. వాడికి అది చక్కగా పనిచేసింది. రోజూ మధ్యాహ్నం ఫోను చేసి, "నాయనా, ఆడుకుంటా ఉందా దాంతో?" అని అడుగుతాడు. "ఆడుకుంటా ఉందిరా" అని నేను నెల రోజులు అబద్ధం చెప్పాను. పెట్టెకూ నాకూ అక్కడ తేడా లేకపోయింది.

పోయిన ఆదివారం చెప్పేశాను. దొరసానిని కాదు, గ్లాసునూ మూతనూ వాడి ముందు పెట్టాను. ఉల్లిపాయ దాచమన్నాను. వాడు దాచాడు. పిల్ల వాడి చొక్కా జేబులో వెతికింది, వాడి నోరు తెరిపించి చూసింది. "ఇంకా" అంది. వాడు గంటన్నర కదల్లేదు. కోడలు, "మామా, దీనికెంతయింది?" అని అడిగింది, గ్లాసు చూపించి. వాళ్ల పెళ్లికి వచ్చిన చదివింపుల్లోది అది.

కొనేవాళ్లకు నాదొక మనవి. కొట్టువాణ్ని సెల్లు తీసేసి ఇమ్మనండి. మాట, పాట, దీపం ఏమీ లేకుండా ఆ వస్తువు పిల్ల చేతికివ్వండి. మూత తీసి, పెట్టి, తిప్పి, దొర్లించి ఐదు నిమిషాలు ఆడితే కొనండి. పడేసి మీ కండువా పట్టుకుంటే, కండువా ఇంట్లో ఉందిగా, ఇంటికి రండి.

మా దొరసాని కూడా ప్రస్తుతం సెల్లు లేకుండానే ఉంది. మనవరాలు దాన్ని నేలమీద బోర్లించి దానిమీద కూర్చుంటోంది. మూడు సెల్లలో ఒకటి గోడగడియారంలో వేశాం. మిగతా రెండూ టార్చిలో ఉన్నాయి. తెల్లారి నాలుగున్నరకు స్టేషను దాకా మావాడు ఆ టార్చి వేసుకునే పోతున్నాడు.